ఇవ్వవలసిన సొమ్ము, దస్తావేజులోని మాట

కుటుంబాలను దర్శించునప్పుడు మేము తరచుగా వినే తగవు ఒకటున్నది. తండ్రి తన ఇంటిని సెటిల్‌మెంటు దస్తావేజు ద్వారా కుమారునికి వ్రాసి, చెల్లెలికి రెండు లక్షలు ఇవ్వవలెనని అందులో చేర్పిస్తాడు. ఆయన కన్నుమూసిన తరువాత ప్రశ్నలు లేస్తాయి. ఎప్పుడు ఇవ్వాలి? ఇవ్వకపోతే ఇల్లు ఏమవుతుంది? అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోతాయి.

ఇట్టి దావాలో న్యాయమూర్తి ఒక్క వాక్యమునే పట్టుకొనరు. దస్తావేజు మొత్తము చదివి, వ్రాసినవారి ఉద్దేశమును ఆ మాటలలోనే వెదకుతారు. "నాన్న నోటితో వేరే చెప్పారు" అనే సాక్ష్యము రిజిస్టరు అయిన షరతును సాధారణముగా మార్చలేదు. ముందు పూర్తి హక్కు ఇచ్చి, తరువాతి పేరాలో దానినే తీసివేస్తే, రెండింటికి పొత్తు కుదరనప్పుడు ముందు మాటే నిలుస్తుందని సుప్రీంకోర్టు 1960లో చెప్పింది. అయితే సొమ్ము చెల్లించమనుట హక్కును తీసివేయుట కాదు. అది ఆస్తితో వచ్చిన బాధ్యత.

1880ల ఆరంభములో మద్రాసు హైకోర్టుకు ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యము వచ్చింది. ఒక వృద్ధురాలు భూమిని కుమార్తెకు వ్రాసి, తన తోబుట్టువుకు ఏటా 653 రూపాయలు ఇవ్వాలని షరతు పెట్టింది. కుమార్తె అందుకు ఒప్పంద పత్రము కూడ వ్రాసి, తరువాత ఆ మనిషి వద్ద నుండి తనకేమీ ముట్టలేదని ఎదురు తిరిగింది. తల్లి ఇచ్చిన భూమి చాలునని, సొమ్ము ఇవ్వవలసినదేనని కోర్టు తేల్చింది.

అయినను సొమ్ము ఇవ్వనంత మాత్రాన దస్తావేజు దానంతటదే రద్దు కాదు. రద్దు షరతు లేకపోతే సొమ్ము కొరకు దావా వేయుటే సాధారణ మార్గము. ఆ సొమ్ముకు ఆస్తినే పూచీగా వ్రాసియుంటే, దానిని అమ్మించియైనా రాబట్టవచ్చు. గడువు వ్రాయకపోతే సమంజసమైన కాలమెంతో కోర్టు చూస్తుంది. ఆలస్యమైతే దావాకు కాలదోషము పట్టవచ్చు.

వృద్ధులకు 2007 నాటి చట్టము మరొక ఆసరా. 60 ఏండ్లు నిండినవారు, తమను పోషించాలనే షరతుతో ఆ చట్టము వచ్చిన తరువాత ఆస్తి వ్రాసియిచ్చి నిరాదరణకు గురైతే, 23వ సెక్షను క్రింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి రద్దు కోరవచ్చు. అట్టి షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అన్నది. 2025 జనవరిలో ఆ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగా చదవాలని చెప్పింది.

గనుక తల్లిదండ్రులారా, ఎవరికి, ఎంత, ఏ తేదీలోగా, ఇవ్వకపోతే ఏమి అన్న నాలుగు సంగతులు స్పష్టముగా వ్రాయించండి. కుమారులారా, చెల్లించినప్పుడు రసీదు తీసుకొనండి. ఇది పిల్లలపై అపనమ్మకము కాదు. మీరు లేనినాడు కూడ ఆ చెల్లెలు పుట్టింటి గడప తొక్కగలుగుటకే.