వార్తల్లో పదం: బఫర్ జోన్

పర్చూరు పత్తి, మిర్చి చేల నుంచి చూస్తే నల్లమల ఎక్కడో ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ అద్దంకి వైపు పారే గుండ్లకమ్మ పుట్టిల్లు ఆ అడవే. అక్కడి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వార్తల్లోకి వస్తే ‘బఫర్’ అనే మాట వెంటే వస్తుంది. 2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలి కోర్ పులిది. దాని చుట్టూ ఉండే బఫర్‌లో జంతువులూ మనుషులూ కలిసి బతకాలి. ఆ హద్దులను గ్రామసభను సంప్రదించి తేల్చాలి. చెంచుల వంటి అడవి బిడ్డలు తేనె, బంక సేకరించుకునే హక్కును అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం గుర్తించింది.

మనుషుల్ని పూర్తిగా పంపేస్తేనే అడవి మిగులుతుందని కొందరంటారు. పశువుల మేత, వేసవి కార్చిచ్చు చూస్తే ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే తపసి చెట్టుకు గాటుపెట్టి బంక తీసే చెంచుకు, చెట్టు బతికితేనే మరుసటి ఏడాది కూడు. పులి జాడ పట్టడానికి అటవీ శాఖ పనిలో పెట్టుకున్నదీ చెంచులనే. అడవికి అసలు ముప్పు బంక గంప కాదు, గని. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే తీర్మానించింది. ఇక దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లో వన్యప్రాణుల కోసం రాత్రి వాహనాలు ఆపడం భక్తులకు ఇబ్బందే. అయినా దర్శనం ఆగలేదు, ప్రయాణ వేళ మారిందంతే. బఫర్‌కు కావలసింది ఇలాంటి కొలిచి పెట్టిన నియమాలే. గ్రామసభను అడగకుండా గీసిన గీత మాత్రం చట్టం ముందు చెల్లదు.