సైకిలు పందెం – ఎండదెబ్బ

సైకిలు తొక్కడం మంచి వ్యాయామమని అందరికీ తెలిసిందే. కాని రోజూ ఊళ్లో అయిదారు మైళ్లు తొక్కడం వేరు, రైలెక్కి పైఊరు వెళ్లి ఎండలో వంద కిలోమీటర్ల పందెంలో దిగడం వేరు. ఉద్యోగమో, చదువో చేసుకుంటూ సరదా కొద్దీ పందేలకు వెళ్లేవారి వెంట డాక్టరు గాని, శిక్షకుడు గాని ఉండరు. మీరు అలాంటివారైతే మీ శరీరం చెప్పే మాట మీరే వినవలసి ఉంటుంది.

ఆ మాట వినకపోతే ఎంత ప్రమాదమో 1960 ఆగస్టు 26న రోం ఒలింపిక్స్‌లో లోకమంతా చూసింది. మండుటెండలో 100 కిలోమీటర్ల జట్టు పందెం. డెన్మార్క్ జట్టు నలుగురిలో ఒకరు అప్పటికే ఎండకు తాళలేక తప్పుకున్నాడు. ముగ్గురు గమ్యం చేరితేనే జట్టుకు లెక్క. 23 ఏళ్ల క్నుద్ ఎనెమార్క్ యెన్సెన్‌కు తల తిరుగుతున్నా తోటివారు పట్టుకుని, నీళ్లు చల్లుతూ ముందుకు నడిపించారు. వారు చెయ్యి వదలగానే అతడు కూలిపోయాడు. తల రోడ్డుకు కొట్టుకుంది. ఆనాడే ప్రాణం పోయింది. ఉత్తేజక మందుల గురించి తరువాత వివాదం నడిచింది గాని, ఆ ఎండ చేసిన హాని మాత్రం కాదనలేనిది.

వేడి ఎక్కడిది?

కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు ముప్పాతిక భాగం వేడిగా మారుతుంది. చెమట ఆరినప్పుడే ఆ వేడి బయటకు పోతుంది. సైకిలు వేగంగా పోతున్నప్పుడు గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది గనుక ఎంత నీరు పోయిందో మీకు తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు శ్రమ ఎక్కువ, గాలి తక్కువ. అక్కడే ప్రమాదం. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉక్క వల్ల చెమట సరిగా ఆరదు. చల్లని బెంగుళూరులో సాధన చేసి, మే నెలలో విజయవాడలో పందెం వేస్తే శరీరం తట్టుకోలేదు. ఎండకు అలవాటు పడడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది.

ప్రయాణంలో

పందెం ముందు రాత్రి ఆందోళనతో నిద్ర పట్టకపోవడం సహజం. అందుకే అంతకు ముందు రెండు మూడు రాత్రులు కడుపునిండా నిద్రపోండి. రైల్లో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. స్టేషన్లలో మూతలు లేకుండా అమ్మే తినుబండారాలు ముట్టకండి. ఇడ్లీ, అన్నం, అరటిపండు వంటి అలవాటైన ఆహారమే మేలు. జ్వరం గాని, విరేచనాలు గాని ఉంటే ఎంత దూరం వచ్చినా పందెం మానుకోండి. జ్వరంతో శ్రమపడితే గుండె కండరానికి హాని కలగవచ్చు.

ఎంత నీరు తాగాలి?

సాధన చేసే రోజుల్లోనే లెక్క చూసుకోండి. రెండు గంటలు తొక్కక ముందు 60 కిలోలు, తరువాత 58.5 కిలోలు తూగారనుకుందాం. మధ్యలో అర లీటరు తాగారు. అంటే రెండు లీటర్ల చెమట పోయిందన్నమాట – గంటకు లీటరు. దీన్నిబట్టి, దాహాన్నిబట్టి కొద్దికొద్దిగా తాగండి. మంచిది కదా అని అదే పనిగా వట్టి నీళ్లు తాగడమూ ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, చివరకు ఫిట్స్ కూడా రావచ్చు. పందెం తరువాత బరువు పెరిగిందంటే ఎక్కువ తాగారన్నమాట.

లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, నిమ్మరసం పిండుకుంటే చాలు. చెంచాలు తలకొట్టి కొలవండి. రక్తపోటు ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. కండరాల్లో నిలవ ఉన్న పిండిపదార్థం గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది గనుక గంటకు ఒకటి రెండు అరటిపండ్లు తినండి. నొప్పులు రాకుండా ముందే మాత్రలు మింగే అలవాటు వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఎప్పుడు దిగిపోవాలి?

ఎండలో చలి పుట్టి ఒళ్లు జలదరించడం, తలనొప్పి, వాంతి, కాళ్లు తడబడడం, పొంతన లేని మాటలు – వీటిలో ఏది కనిపించినా సైకిలు ఆపి నీడకు చేరాలి. స్పృహ తప్పుతున్నవారికి నోట్లో నీళ్లు పోయకండి. బట్టలు వదులుచేసి, చల్లటి నీళ్ల తొట్టిలో మెడ వరకు ఉంచండి. మనిషి జారి మునిగిపోకుండా పట్టుకోండి. తొట్టి లేకపోతే బకెట్లతో నీళ్లు పోస్తూ విసరండి. డాక్టరుకు కబురు పంపండి గాని, చల్లబరచడం ఆలస్యం చేయకండి.

ఎండదెబ్బ మొదట మసకబార్చేది తెలివినే. “నాకేం కాలేదు” అని రోగే వాదిస్తాడు. కనుక ఈ గుర్తులన్నీ పందెం ముందు రోజే మీ వెంట వచ్చిన స్నేహితుడికి చెప్పి, అతడు ఆపమంటే ఆగిపోతానని మాట ఇవ్వండి.