ఎండ… కరెంటు… ఏం కూర?

ఇద్దరు తెలుగువాళ్లు ఫోనులో కలిశారంటే మొదట వినపడే మూడు ప్రశ్నలేమిటో మీకు తెలియనివా? "మీ వైపు వానలు పడ్డాయా?" "కరెంటు ఉంటోందా?" "ఏం కూర?" ఈ మూడూ అయితేగానీ అసలు సంగతి బయటికి రాదు! హాస్టల్లో ఉన్న కూతురైనా, అమెరికాలో ఉన్న కొడుకైనా ఈ మూడు గేట్లూ దాటాల్సిందే. ఇక్కడ మంచు కురుస్తోందమ్మా అని డల్లాస్ నుంచి కొడుకు చెబితే, "అయితే వేడివేడిగా ఏమన్నా తిన్నావా?" అంటుంది అమ్మ. మంచు కబురు కూడా చివరికి కంచం దగ్గరికే చేరుతుంది!

ఇవన్నీ ఉబుసుపోని కబుర్లని కొట్టిపారేయకండి. మన సినిమా బతికిందే వీటి మీద. వాన లేనిదే డ్యూయెట్టు లేదు. కరెంటు లేనిదే బొమ్మ లేదు. భోజనాల సీను లేనిదే కుటుంబ కథాచిత్రం లేదు!

అయితే ఈ మూడింటి పక్కన అడగాల్సిన నాలుగో ప్రశ్న ఒకటుంది. అది మన ఇళ్లలోనూ వినపడటం అరుదే, తెరమీదా అరుదే. అదేమిటో ఇప్పుడే చెప్పేస్తే ఇంటర్వెల్ కాకముందే క్లైమాక్సు చూపించినట్టుంటుంది. కాస్త ఓపిక పట్టండి మరి!

మొదటి రీలు: ఎండ

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రోజుల్లో రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం పేర్లు వార్తల్లో హీరోల పేర్లంత గట్టిగా వినిపిస్తాయి. నవ్వుకోవాల్సిన సంగతి మాత్రం కాదది. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో వందలాది మంది ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పని తప్పనివాళ్లూ, ముసలివాళ్లూ.

ఎండ ముదిరితే నాలుక కూడా పార్టీ మారుస్తుంది! మొన్నటిదాకా వేపుడు లేనిదే ముద్ద దిగనివాడు మజ్జిగ, ఊరమిరపకాయ చాలంటాడు. కోస్తాలో కొత్తావకాయ, ముద్దపప్పు, నెయ్యి. రాయలసీమలో రాగిసంకటి, దాని పక్కన శెనక్కాయల పచ్చడి. తెలంగాణలో పొయ్యి మీదికి ఎక్కించే పనే లేని పచ్చిపులుసు. వీధి మలుపులో తాటిముంజలు. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అనే తగాదాకి ఏ ఊళ్లోనూ తీర్పు రాలేదు, రాదు కూడా!

ఇంతలో మృగశిర. జూన్ 7, 8 తేదీల్లో ఆ కార్తె ప్రవేశిస్తే మనసు అప్పుడే చల్లబడుతుంది. తొలకరి నాలుగు చినుకులు పడగానే ఇంట్లో అందరి నోటా ఒకటే మాట… "మిరపకాయ బజ్జీలు వేస్తే ఎంత బాగుంటుందో!" వేసేదెవరు? ఆ మాట అన్నవాళ్లెవరూ కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండో రీలు: కరెంటు

ఎండకీ, వానకీ, కరెంటుకీ బంధుత్వం ఉంది. శ్రీశైలం కుడి గట్టున 770 మెగావాట్లు, ఎడమ గట్టున 900 మెగావాట్లు తియ్యగల కేంద్రాలున్నాయి. ఉంటే ఏం లాభం? జలాశయంలో నీళ్లుంటేనే అవి తిరిగేది! వాన మొహం చాటేసిన ఏడాది ఒకపక్క జలవిద్యుత్తు తగ్గుతుంది. మరోపక్క పొలాల్లో బోరు మోటార్లు, ఇళ్లల్లో ఫ్యాన్లు, కూలర్లు ఆగకుండా తిరుగుతాయి. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన సంసారమన్నమాట! 2012, 2013 సంవత్సరాల్లో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఇచ్చినప్పటి రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

అప్పట్లో ఇంకో చిక్కు కూడా ఉండేది. ఉత్తరాదిన కరెంటు మిగిలినా ఇక్కడికి తెచ్చుకునే దారి ఇరుకు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసింది. దాంతో దారి కాస్త వెడల్పయింది. అంతమాత్రాన కోతలకు శుభం కార్డు పడిందనుకోకండి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలకు మళ్లీ పవర్ హాలిడే తప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని ఊపేసినప్పుడు రోజుల తరబడి చీకట్లో గడిపిన పేటలున్నాయి.

పాత సినిమా హాళ్లలో కరెంటు పోవడమంటే అదో ఉచిత వినోదం! హీరో చెయ్యెత్తాడు… ఆ దెబ్బ విలన్ దవడకి తగలకముందే చీకటి! నేల టిక్కెట్టు నుంచి ఈలలు, బాల్కనీ నుంచి గొణుగుళ్లు. బయట జనరేటరు దడదడమని, లోపల ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు మళ్లీ వెలిగేదాకా జనమే నటులు. ఎవడో ఒకడు ఆ మిగిలిన దెబ్బని నోటితో కొట్టేసేవాడు కూడా!

ఇంట్లో పోతే అది ఇంకో సినిమా. రేడియో ఆగింది, టీవీ ఆగింది. అందరూ డాబా మీదికి! అమ్మ పెద్ద గిన్నెలో అన్నం, పప్పు, ఆవకాయ కలిపి చుట్టూ కూర్చోబెట్టుకుని చేతికో ముద్ద పెట్టేది. విసనకర్ర ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేది. మామూలు రోజున నాన్నతో నాలుగు మాటలాడని పెద్దకొడుకు కూడా ఆ చీకట్లో నోరు విప్పేవాడు. ఇప్పుడు ఇన్వర్టర్లొచ్చాయి. లైటు పోదు, ఫ్యానాగదు, ఎవరి సెల్‌ఫోను ముందు వాళ్లు తింటారు. కరెంటు ఉండటం మంచిదే, పోవాలని ఎవరూ కోరుకోరు. కానీ ఆ గిన్నె చుట్టూ కూర్చోవడానికి కరెంటు పోయేదాకా ఆగాలా?

ఇక ఆ ముద్దల లెక్క చూడండి. పిల్లలకి ఇన్ని, నాన్నకి ఇన్ని. గిన్నె అడుగున మిగిలిందే అమ్మ ముద్ద. మిగలకపోతే "నాకు ఆకలిగా లేదులే" అనే డైలాగు ఎలాగూ ఉంది. ఎన్ని వందల రోజులాడిందో ఆ డైలాగు!

మూడో రీలు: కంచం

తెరమీద తిండి అనగానే మీకు ముందు గుర్తొచ్చేది 'మాయాబజార్' (1957). మగపెళ్లివారికని వండిన విందుని ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు ఒక్కడే లాగించేస్తుంటే, మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయకి జనం నోళ్లు వెళ్లబెట్టారు. ద్వాపరయుగం వంటల్లోకి గోంగూరని కూడా తీసుకొచ్చిన ఘనత ఆ సినిమాది! 'అహ నా పెళ్ళంట' (1987)లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఇన్నేళ్లయినా ఆ సీను తలుచుకుంటే నవ్వు ఆగదు.

ఇవి తినేవాళ్ల సీన్లు. మరి వండేవాళ్ల సీన్లో?

'గుండమ్మ కథ' (1962) చూడండి. జూన్ 7న, సరిగ్గా మృగశిర రోజుల్లో విడుదలైన సినిమా అది. అందులో ఎన్.టి. రామారావు అంతటివాడు సావిత్రి పక్కన కూర్చుని పిండి రుబ్బుతాడు! అంత పెద్ద హీరో రోలు దగ్గర కూర్చుంటే ఆయన గ్లామరు తగ్గిందా? లేదే! ఇప్పటికీ జనం ముచ్చటగా చెప్పుకునే సీను అదే. ఆ సినిమాలో గుండమ్మగా హడలగొట్టిన సూర్యకాంతం సెట్‌కి ఇంటి నుంచి వంటలు తెచ్చి తోటివాళ్లకి కొసరి కొసరి పెట్టేవారని ఆమెతో పనిచేసినవాళ్లు చెప్పుకునేవారు. తెరమీద గయ్యాళి, తెర వెనక అన్నపూర్ణ!

తనికెళ్ల భరణి 'మిథునం' (2012)లో ఉన్నదంతా ఇద్దరే… బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పిల్లలు విదేశాల్లో. భర్త భోజనప్రియుడు, భార్య చేతిలో గరిటె. చూడనివాళ్లు చూడండి, చూసినవాళ్లు ఈసారి ఆమె కంచం వైపు చూడండి. 2021లో వచ్చిన మలయాళ చిత్రం 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' అయితే మొహమాటం లేకుండా చెప్పేసింది. మగవాళ్లు తిని లేచాక, వాళ్లు నమిలి పడేసిన ముక్కలున్న బల్ల దగ్గరే ఆడవాళ్లు కూర్చుని తినే సీను చూస్తే ఆ పూట మనకి ముద్ద దిగదు.

క్లైమాక్సు: నాలుగో ప్రశ్న

మీ అభిమాన హీరోకి ఇష్టమైన వంటకం ఏమిటి? అడగ్గానే ఠకీమని చెప్పేస్తారు. సినిమా పత్రికలు దశాబ్దాలుగా ఆ పని మీదే ఉన్నాయి కదా! పుట్టినతేదీ, ఎత్తు, ఇష్టమైన రంగు, ఇష్టమైన వంటకం… అన్నీ కంఠతా వచ్చు మీకు.

సరే, మీ అమ్మకి ఇష్టమైన కూరేమిటి?

అదిగో, ఆగారు! "అమ్మ అన్నీ తింటుంది" అనకండి. అది జవాబు కాదు. నాన్నకి వెల్లుల్లి పడదు, అన్నయ్యకి వంకాయ పడదు, చెల్లాయికి గుడ్డు లేనిదే కుదరదు. ఈ జాబితా అంతా ఆమెకి నోటికి వచ్చు. ఆ జాబితాలో ఆమె పేరే లేదు. అడిగి చూడండి, "మీకేది ఇష్టమైతే అదే" అంటుంది. ఆ మాట అలవాటు మీద వస్తోంది, నాలుక మీంచి రావడం లేదు.

రోహిణి ఎండలో ఒక్క గంట కరెంటు పోతే మనం విలవిల్లాడతాం. కరెంటాఫీసుకి ఫోన్లు చేస్తాం. కానీ వంటిల్లు సంగతి ఆలోచించారా? ఫ్యాను వేస్తే స్టవ్ మీద మంట ఆరిపోతుందని చాలా ఇళ్లల్లో అక్కడ ఫ్యానే ఉండదు. ఉన్నా వెయ్యరు. అంటే కరెంటున్న రోజున కూడా వంటింట్లో పవర్ కట్టే! ఏడాది పొడుగునా, రెండు పూటలా.

ఇది సెంటిమెంటు కోసం రాస్తున్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కారణాలు చాలా ఉన్నాయి. ఒంటికి చాలినంత ఇనుము తిండిలో అందకపోవడం వాటిలో ముఖ్యమైనది. ఆకుకూర, పప్పు, మాంసం అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకుంటే ఒంటికి పట్టేదేముంటుంది చెప్పండి?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. మన ఇళ్లల్లో వడ్డించే మనిషి మన మనిషే. కడబంతిలో కూర్చునేదీ ఆ మనిషే. ఆమెకి వడ్డించేవాళ్లే లేరు!

కాబట్టి ఈ ఆదివారం మాట్నీకి పరిగెత్తే ముందు చిన్న పని చెయ్యండి. సంతకి వెళ్లేటప్పుడు "ఏం తేవాలి?" అని కాకుండా "నీకేం ఇష్టం?" అని అడగండి. ఆ కూర మీరే తరగండి. ఉప్పెక్కువైతే ఎక్కువైంది, కొత్త దర్శకుడి తొలి సినిమా అనుకుని ఆమె సర్దుకుంటుంది! అందరికంటే ముందు ఆమెకి కంచం పెట్టి, మీరు గరిటె పట్టుకుని నిలబడండి. రుబ్బురోలు పక్కన రామారావుకి తగ్గని గ్లామరు మీకెక్కడ తగ్గుతుంది?

అన్నట్టు, అడగ్గానే ఆమె జవాబు చెప్పకపోవచ్చు. నవ్వేసి మాట మార్చవచ్చు. అలవాటు లేని ప్రశ్న కదా మరి! తొందరపడకండి. ఇంకోసారి అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే ఉండండి.