మూడు రెట్లు అంటే, దేనికి మూడు రెట్లు?

నందికొట్కూరు, ఆత్మకూరు, కర్నూలు చుట్టుపక్కల మిద్దెల మీద నీళ్ల ట్యాంకు పక్కన చిన్న పిరమిడ్ కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. ఈజిప్టు రాజుల సమాధి ఆకారం రాయలసీమ మిద్దె మీదికి ఎక్కడం వెనుక ఒక భౌతికశాస్త్ర వాదం ఉంది. ఏ విశ్వవిద్యాలయమూ దాన్ని పాఠంగా చెప్పలేదు. అయినా ముప్ఫై ఏళ్లుగా ఇంటింటికీ చేరింది. ఎలా చేరిందో, అందులో పరీక్షకు నిలిచేది ఎంతో విడివిడిగా చూడాలి.

ఇక్కడ దానికి మొదలు కర్నూలు. ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ ధ్యానం నేర్పిన సుభాష్ పత్రి 1990లో కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీని స్థాపించారు. మరుసటి ఏడాది ఆ ఊళ్లోనే బుద్ధా పిరమిడ్ ధ్యాన కేంద్రం లేచింది. అదే పిరమిడ్ స్పిరిచ్యువల్ సొసైటీస్ మూవ్‌మెంట్‌గా పెరిగి, బెంగళూరు దగ్గర, కడ్తాల్ దగ్గర పెద్ద పిరమిడ్లు కట్టేదాకా పోయింది. పత్రి 2022 జూలైలో కన్నుమూశారు. కులం, చదువు అడగకుండా, ఫీజు తీసుకోకుండా, శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పి ఊరూరా జనాన్ని కూర్చోబెట్టిన పని అది. దాన్ని నేను చిన్నచూపు చూడను. కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తే మనసు కుదుటపడుతుందని చెప్పేవాళ్ల అనుభవం వాళ్లది. అందుకు పిరమిడ్ అక్కర్లేదు కూడా.

పేచీ రెండో మాటతో వస్తుంది. పిరమిడ్ ఆకారం విశ్వశక్తిని పోగుచేస్తుందని, అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో అది బాగా చిక్కబడుతుందని, అక్కడ పెట్టిన పండు కుళ్లదని, లోపల చేసే ధ్యానానికి మూడు రెట్ల బలం ఉంటుందని చెబుతారు. ఇది మనసు గురించిన మాట కాదు, ప్రకృతి గురించిన మాట.

దీని పుట్టుక కూడా ఈజిప్టు కాదు. ఫ్రాన్సులోని నీస్ నగరవాసి ఆంత్వాన్ బోవీ 1930లలో చిన్న నమూనా పిరమిడ్లతో ప్రయోగాలు చేశాడు. చెకొస్లొవేకియాకు చెందిన కరెల్ డ్రబల్, గడ్డం గీసుకునే బ్లేడు పిరమిడ్ కింద పెడితే పదును నిలుస్తుందంటూ 1959లో పేటెంటు పొందాడు. పేటెంటు ఉందిగా అని ఇప్పటికీ చాలామంది వాదిస్తారు. పేటెంటు ప్రధానంగా చెప్పేది ఆ ఆలోచన కొత్తదని, ఫలానావారిదని. దాని వెనుక ఉన్న సిద్ధాంతం నిజమని ప్రభుత్వం పూచీపడినట్టు కాదు. 1970లలో అమెరికాలో ఈ వాదం మీద పుస్తకాలు వరుసగా వచ్చి తెగ అమ్ముడయ్యాయి. అలా ప్రపంచమంతా తిరిగింది.

ఇప్పుడు ఆ మూడు రెట్ల సంగతి. వేడిని డిగ్రీల్లో కొలుస్తాం, కరెంటును యూనిట్లలో కొలుస్తాం. మూడు రెట్లు అన్నామంటే ముందు ఒక రెట్టు ఎంతో తెలియాలి. పిరమిడ్ బయట ఎంత, లోపల ఎంత, ఏ పరికరంతో కొలిచారు? ఈ ప్రశ్నకు జవాబు రానంతకాలం మూడు అనే అంకె ఉత్సాహాన్ని చెబుతుందే తప్ప పరిమాణాన్ని చెప్పదు.

ఆకారానికి శక్తి ఉండదని కొట్టిపారేయడమూ సరికాదు. టీవీ డిష్ గిన్నెలా వంగి ఉంటుంది కాబట్టే సంకేతాలు ఒకచోటికి చేరతాయి. అయితే డిష్ ఏ తరంగాన్ని, ఎక్కడికి, ఎంత మళ్లిస్తుందో ముందే లెక్కగట్టి చూపించవచ్చు. పిరమిడ్ మీద కూడా అలాంటి లెక్క ఒకటి జరిగింది. 2018లో రష్యా, జర్మనీ శాస్త్రవేత్తలు గీజా మహా పిరమిడ్‌లో రేడియో తరంగాలు ఎలా సర్దుకుంటాయో కంప్యూటర్ మీద లెక్కించి, జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్‌లో ప్రచురించారు. సైన్సు ఒప్పుకుందని దాన్ని చాలాచోట్ల చూపించారు. ఆ పరిశోధన చెప్పింది 200 నుంచి 600 మీటర్ల పొడవున్న తరంగాల గురించి. మహా పిరమిడ్ అడుగు ఒక్కో వైపు 230 మీటర్లు. తరంగం, వస్తువు దాదాపు ఒకే కొలతలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రభావం మామూలే. ఆకాశవాణి కడప కేంద్రం వాడే 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 333 మీటర్లు, అంటే సరిగ్గా ఈ కోవలోదే. రేడియో తరంగం రాతికట్టడంలో కాస్త చిక్కబడితే పండు నిలవ ఉంటుందని ఆ శాస్త్రవేత్తలు ఎక్కడా అనలేదు. లోపల బోలుగా ఉండే రేకు పిరమిడ్‌కు ఆ లెక్క వర్తించదు కూడా.

మరి తేల్చుకునేదెలా? నందికొట్కూరులోని ఏ హైస్కూలైనా ఈ పని చేయగలదు. అట్టతో 30 సెంటీమీటర్ల అడుగు, 19 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పిరమిడ్ చేస్తే గీజా వాలు దాదాపుగా వస్తుంది. 18 సెంటీమీటర్ల చదరపు డబ్బాలోనూ ఇంచుమించు అంతే గాలి పడుతుంది. ఇలాంటివి చెరి ఇరవై కావాలి. పత్తికొండ మార్కెట్ టమాటాలను ఒకే గంపలోంచి తీసి, తూకం వేసి, ఏది ఎందులోకి పోవాలో చీటీలు వేసి నిర్ణయించి, మూడో వంతు ఎత్తులో పెట్టాలి. పదిహేను రోజులయ్యాక బయటికి తీసేవాళ్లు ఒకరు, బూజును, తూకాన్ని రాసేవాళ్లు ఇంకొకరు. రాసేవాళ్లకు ఏ పండు ఎందులోదో తెలియకూడదు. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చేయాలి. మన ఎండాకాలపు పొడిగాలిలో ఏ డబ్బాలో పెట్టినా కుళ్లేలోపే ఎండిపోయే పండ్లు చాలా ఉంటాయి. పక్కన చదరపు డబ్బా లేకపోతే ఆ ఘనతంతా పిరమిడ్ ఖాతాలో పడుతుంది.

రాసేవాళ్లకు తెలియకూడదన్న షరతు జనం మీద అపనమ్మకంతో పెట్టింది కాదు. 1903లో ఫ్రాన్సులో పేరున్న భౌతికశాస్త్ర ఆచార్యుడు బ్లాంద్లో ఎన్-కిరణాలు అనే కొత్త కిరణాలు కనుగొన్నానన్నాడు. ఇంకా ఎందరో శాస్త్రవేత్తలు తమకూ కనిపించాయన్నారు. మరుసటి ఏడాది అమెరికా నుంచి వచ్చిన ఆర్. డబ్ల్యూ. వుడ్, చీకటి గదిలో పరికరంలోని అల్యూమినియం పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేశాడు. అయినా వాళ్లకు కిరణాలు కనిపిస్తూనే ఉన్నాయి. అక్కడెవరూ అబద్ధమాడలేదు. ఎదురుచూస్తున్న కంటికి ఎదురుచూసినదే కనిపించింది. పిరమిడ్‌లో కూర్చుని లేచినవాళ్లు ఎంతో హాయిగా ఉందన్నప్పుడు కూడా నేను ముందుగా అడిగేది ఇదే. పిరమిడ్ అని తెలియకుండా కూర్చున్నా అలాగే అనిపించిందా?

యోగమూ కొలతా ఒకే మనిషిలో ఇమడవేమో అనుకునేవాళ్లకు స్వామి జ్ఞానానంద జీవితం చూపించాలి. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, హిమాలయాల్లో సాధన చేసిన సన్యాసి ఆయన. ఐరోపాకు వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల మీద పరిశోధించి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖకు పునాది వేశారు. ప్రయోగశాలలో ఆయన కాషాయం పూచీ పెట్టలేదు, పరికరం చూపిన అంకెలే పెట్టారు.

అట్ట డబ్బాల పరీక్షలో పిరమిడ్ నిజంగా నెగ్గితే, ఇంకో ఊరి బడిలోనూ నెగ్గితే, భౌతికశాస్త్ర శాఖలు దిగివచ్చి చూడాల్సిందే. అప్పటిదాకా ధ్యానానికి కూర్చునేవాళ్లు కూర్చోవచ్చు. వాస్తు దోషం పోతుందని ప్లాస్టిక్ పిరమిడ్ అమ్మడానికి ఎవరైనా గుమ్మంలోకి వస్తే మాత్రం, ఏ పరికరంతో కొలిచారో, ఏ యూనిట్లలో ఎంత వచ్చిందో అడిగాకే డబ్బు సంగతి మాట్లాడాలి.