గడప దించిన సంగతి

ఊత్తుకోటలో మా యిల్లు తాతగారి నాటిది. వీధివైపు రెండు అరుగులు, మూడు మెట్లు, పసుపు పూసిన గడప, లోపల నడవ, పెరట్లో బావి, దాని కవతల దొడ్డి. మన పాఠకులలో చాలామంది పాతయిళ్లు ఇంచుమించు ఈ తీరుననే ఉంటవి. నడవగలిగినవానికి ఇందులో ఏ లోపమూ కనబడదు. మాకూ కనబడలేదు, 2019 లో మా పెద్దన్న మామిడిచెట్టు మీదినుండి పడి, వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింద స్పర్శ లేకుండా చక్రాల కుర్చీలో తిరిగి వచ్చేదాకా.

వచ్చిననాడు నలుగురం కుర్చీతో సహా ఎత్తి లోపల దించాము. ఆరు నెలలు అదే పని. దొడ్డికి పోవాలంటే ఇద్దరు మగవాళ్లు కావాలి. మేము ఆఫీసుకు పోయినామంటే సాయంత్రం దాకా ఆయన ఆగవలసినదే. అందుచేత పగలు మంచినీళ్లు త్రాగడమే మానేశాడు. వదిన కనిపెట్టి చెప్పేదాకా మాకీ సంగతి తెలియదు. అట్టివారు నీళ్లు తగ్గిస్తే మూత్రంలో చీము చేరి జ్వరం పట్టుకుంటుంది. పట్టుకున్నది కూడాను. అప్పటికి గాని మాకు బుద్ధి రాలేదు.

ముందు వాలుబాట. మేస్త్రీ మెట్లవైపు చూసి "ఆరడుగులు చాలండీ" అన్నాడు. మూడు మెట్లూ కలిసి 21 అంగుళాల ఎత్తు. ఆరడుగుల పలక వేసి కుర్చీ ఎక్కించబోతే ముందు చక్రాలు లేచిపోయి అన్న వెనుకకు ఒరిగాడు. వెనుక మేమున్నాము గనుక సరిపోయింది. అసలు లెక్క, అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. అంటే 21 అడుగులు! వీధిలోకి అంత చాచడం కుదరదు. కడకు ఇంటి ప్రక్క మా సందులో చివరనుండి బాట ఎక్కించి, ఎడమ అరుగు కొట్టించి, ఆ చోటినుండి వాకిలికి మలిపాము. తాతగారు సాయంకాలాలు కూర్చునే అరుగు అది. మా చిన్నాయన నెల్లాళ్లు మాతో మాట్లాడలేదు. బాట వెడల్పు నాలుగడుగులు, అంచున చక్రం జారిపోకుండా చిన్న గట్టు, పైన కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును. ఐప్పసి వానలకు పాచి పట్టి జారుతుందని పైపూత నునుపు చేయనీయక అడ్డగీతలు గీయించాము.

ఇక గడప. నాలుగంగుళాలే, కాని అమ్మ అడ్డం కూర్చున్నది. "గడప తీసిన యింట్లో లక్ష్మి నిలుస్తుందట్రా?" అన్నది. పాపం, ఆమె మాట తీసివేయదగినది కాదు, అరవై ఏళ్లుగా పసుపు పూసిన చేయి అది. వడ్రంగి ఉపాయం చెప్పాడు. గడపమాను ఊడదీసి, నేల త్రవ్వి, పైతట్టు నేలకు సమంగా మళ్లీ దించాడు. గడప పోలేదు, దిగింది. శుక్రవారం శుక్రవారం అమ్మ ఇప్పటికీ పసుపుకుంకుమలు పెడుతున్నది. చక్రాలకు ఆ కుంకుమంటి నడవంతా రెండు ఎర్రగీతలు పడుతుంటవి. తుడవడం మాత్రం వదిన వంతు.

దొడ్డి దగ్గరనే మేము ఎక్కువ తప్పులు చేశాము. 27 అంగుళాల తలుపులో కుర్చీ పట్టీ పట్టనట్లు దూరేది, అన్న వ్రేళ్ల చర్మం గీసుకుపోయేది. దాన్ని 33 చేసి, తలుపు బయటికి తెరుచుకొనేటట్లు మార్చాము. లోపల పడిపోయినవారు లోపలికి తెరిచే తలుపుకు అడ్డమైతే ఎవరు తీయగలరు? కుర్చీ ఎత్తుకు సమంగా కమోడు పెట్టించాము. పట్టుకొనే కమ్మీ మొదటిది పాత సున్నపు గోడకు మేకులతో బిగిస్తే మూడోనాడే చేతికి ఊడివచ్చింది. తరువాత గోడకు ఆరపార బోల్టులు వేసి, అవతల ఇనుపబిళ్ల పెట్టించాము. వేడినీళ్లు ముందు చేత్తో చూసుకొనిగాని కాళ్లమీద పోసుకోరాదు, కాలినా తెలియదు గనుక.

అన్న దిగులుపడినప్పుడు మేము డాక్టరు మేరీ వర్గీస్ గారి కథ చెప్పేవారం. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన ఆమె 1954 లో కారు ప్రమాదంలో ఇలాగే నడుము క్రింద చచ్చుబడిపోయినారు. కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యం నేర్చి వచ్చారు, 1966 లో వేలూరులో ఆ సంస్థ వెలసింది. మూడోసారి చెప్పినప్పుడు అన్న విసుక్కొని, "ఆమె సంగతి సరే, ముందు నా దొడ్డి సంగతి చూడరా తమ్ముడూ" అన్నాడు. న్యాయమే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే కట్టడాలకు ఇట్టి బాటలుండాలన్నది. సొంతయింటిని ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. మేము పనిచేసే ఆఫీసుకే తొమ్మిది మెట్లు, ప్రక్కన బాట లేదు. ఆ మాట వేరు.

ఇప్పుడు అన్న పొద్దున్నే తానే బాట దిగి వీధి మలుపు దాకా పోయి పత్రిక తెచ్చుకుంటాడు. మొన్న ప్రదోషానికి సరిహద్దు దాటగానే ఉన్న సురుటుపల్లికి ఆటోలో పోయివచ్చాడు. అక్కడ శివుడు అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకొని ఉంటాడు కదా, "స్వామికీ నా అవస్థే" అని నవ్వాడు. బాటమీద గ్యాసువాడు బండ దొర్లించుకు వస్తున్నాడు, చిన్నాయన చేతికర్రతో దానిమీదుగానే ఎక్కుతున్నారు. బావి దగ్గరికి మాత్రం ఇంకా గచ్చు వేయలేదు. సంక్రాంతి వెళ్లగానే మేస్త్రీ వస్తానన్నాడు.