సముద్రం మీద సాయంకాలపు ముస్తాబు

క్రూజ్ ప్రయాణానికి బయలుదేరేవారికి ముందుగా అందే సమాచారంలో, నౌక ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుందన్న వివరాలతో పాటు, ఏ రాత్రి భోజనానికి ఎలాంటి దుస్తుల్లో రావాలన్న సూచన కూడా ఉంటుంది. డ్రెస్ కోడ్‌గా వ్యవహరించే ఈ నియమం విమాన ప్రయాణికులకు తెలియదు, పెద్ద హోటళ్లలో సైతం క్రమంగా కనుమరుగైంది. నౌకల మీద మాత్రం వందేళ్లు పైబడిన ఆచారంగా నిలిచి, ఇవాళ్టికీ ప్రయాణికులను రెండుగా చీల్చి వాదనకు దించుతోంది. సెలవుల కోసం వెళ్తూ మెడకు టై బిగించుకోవలసిన కర్మేమిటని ఒక పక్షం అడిగితే, అందరూ ముస్తాబై ఒకచోట కూర్చునే రాత్రి లేకపోతే నౌకాయానానికి ప్రత్యేకత ఏముందని రెండో పక్షం అడుగుతుంది. రెండు ప్రశ్నలకూ జవాబు ఆ ఆచారం నడిచివచ్చిన దారిలోనే దొరుకుతుంది. హోదాల మధ్య గోడగా నిలిచిన ఈ నియమం, ఆ గోడలు సడలిన తరువాత వేడుకగా రూపు మార్చుకుని బతికింది. వేడుకగా ఉన్నంతవరకే దానికి మన్నన దక్కుతుంది.

నిర్ణీత రేవుల మధ్య నిర్ణీత తేదీల్లో తిరిగే ప్రయాణ నౌకలను లైనర్లు అనేవారు. సామ్యూల్ కునార్డ్ స్థాపించిన సంస్థకు చెందిన బ్రిటానియా 1840 జూలైలో లివర్‌పూల్ నుంచి బయలుదేరి అట్లాంటిక్ దాటినప్పుడు, ప్రయాణికుల ధ్యాసంతా క్షేమంగా ఒడ్డు చేరడం మీదే తప్ప అలంకరణ మీద ఉండే అవకాశం లేదు. 1842లో అదే నౌకలో అమెరికా వెళ్లిన చార్లెస్ డికెన్స్ తన గది ఎంత ఇరుకో చెప్పి వాపోయాడు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి నౌకలు ఉక్కు కట్టడాలై, విద్యుద్దీపాలతో, విశాలమైన భోజనశాలలతో తయారయ్యాక, ఒడ్డున ధనిక కుటుంబాలు పాటించే సాయంకాలపు మర్యాదలన్నీ వాటి మీదికి ఎక్కాయి. అదే కాలంలో పురుషుల దుస్తుల్లోనూ ఒక మార్పు వచ్చింది. వెనుక రెండు తోకలు వేలాడే పొడవాటి కోటుకు బదులుగా, నడుము కిందికి మాత్రమే దిగే పొట్టి కోటును 1865లో లండన్‌లోని హెన్రీ పూల్ దర్జీశాల అప్పటి వేల్స్ యువరాజు కోసం కుట్టిందని చెబుతారు. న్యూయార్క్ సమీపంలోని టక్సీడో పార్క్ క్లబ్బు 1886 నుంచి ఆ తరహా కోటుకు అమెరికాలో తన పేరునే ఇచ్చింది. ఇంగ్లండులో డిన్నర్ జాకెట్‌గా, అమెరికాలో టక్సీడోగా పిలిచే ఈ నల్లకోటే, తెల్ల చొక్కాతో, నల్ల బో టైతో కలిసి, నౌకల మీద పురుషుడి రాత్రి వేషంగా స్థిరపడింది.

1910ల నాటి మొదటి తరగతి ప్రయాణికుడికి ఈ ముస్తాబు చిన్న పని కాదు. గంజి పెట్టి అట్టలా బిగిసిన చొక్కా ముందుభాగానికి కుట్టిన గుండీలు ఉండేవి కావు. స్టడ్స్ అనే విడి గుండీలను ఒక్కొక్కటిగా దూర్చి బిగించుకోవాలి, కాలరును వేరుగా తగిలించుకోవాలి, బో టైని అద్దం ముందు నిలబడి చేత్తో ముడివేసుకోవాలి, ఇదంతా ఊగుతున్న గదిలో జరగాలి. సామాను విషయంలోనూ ఒక కట్టుబాటు ఉండేది: ప్రయాణంలో కావలసిన ట్రంకు పెట్టెలకు ఒక చీటీ, ఒడ్డు చేరేదాకా అవసరం లేనివాటికి మరో చీటీ అంటించేవారు; మొదటి రకం పెట్టెలు గదికి చేరితే రెండో రకం నౌక అడుగున ఉన్న సామాను కొట్టులోకి దిగేవి. పెట్టెలు విప్పని మొదటి రాత్రి, మళ్లీ సర్దేసిన చివరి రాత్రి ప్రత్యేక దుస్తులు అక్కర్లేదన్న ఆనవాయితీ ఇందువల్లే ఏర్పడింది, నేటి నౌకల్లో కూడా చాలావరకు అలాగే సాగుతోంది. 1912 నాటి టైటానిక్ వంటి నౌకల మీద భోజనవేళను బ్యూగిల్ ఊది తెలియజేసేవారు. ఆ పిలుపు విని ముస్తాబైన వారంతా మెట్లు దిగి, భోజనశాల ముందున్న స్వాగతశాలలో ఒకరినొకరు పలకరించుకున్నాకే బల్లల దగ్గరికి నడిచేవారు. అదే నౌకలో మూడో తరగతి వారికి భోజనశాల వేరు, అంతస్తు వేరు. వారికి దుస్తుల నియమం ఉండవలసిన అవసరమే కలగలేదు, ఎందుకంటే వారు పైకి రాకుండా ఆపడానికి తలుపులు ఉన్నాయి. పై తరగతి వారికి తమలో తాము హోదాను తూచుకోవడానికి మాత్రం కోటూ గౌనూ కావలసి వచ్చాయి.

ఈ ప్రదర్శనను నౌకా నిర్మాణంలోనే ఇమిడ్చినవారు ఫ్రెంచివారు. 1935లో సముద్రంలోకి వచ్చిన నార్మాండీ నౌక భోజనశాల సుమారు 300 అడుగుల పొడవున, లాలీక్ గాజు దీపాల వెలుగులో మెరిసిపోయేది. వర్సాయ్ ప్రాసాదంలోని అద్దాల మందిరం కంటే అది పొడవైనదని గొప్పగా చెప్పుకునేవారు. ఫ్రెంచి లైనర్లలో భోజనశాలకు మెట్ల మీదుగా దిగివచ్చే ఏర్పాటు ఉండేది, దానివల్ల కొంచెం ఆలస్యంగా వచ్చే స్త్రీ తన గౌను అంచు మెట్టు మెట్టుకూ జారుతుండగా వందల కళ్ల ముందు దిగే అవకాశం దొరికేది. అయితే ఆ కాలపు మర్యాదల ప్రామాణికురాలైన ఎమిలీ పోస్ట్ ఇలాంటి ఆర్భాటాన్ని అంతకుముందే తప్పుపట్టింది. 1922లో వెలువడిన తన గ్రంథంలో ఆమె, ఖరీదైన నౌకల మీద దాదాపు అందరూ భోజనానికి ముస్తాబవుతున్నారని గమనిస్తూనే, నాట్యసభకు తగిన గౌన్లు వేసుకురావడం ఘోరమైన అభిరుచి అని, నిజమైన ప్రతిష్ఠ ఉన్నవారు అలా చేయరని తేల్చి చెప్పింది. పాత సంపన్నుల నిరాడంబరతకూ కొత్త సంపన్నుల తహతహకూ మధ్య ఉన్న పోటీ అది, అందులో రెండు పక్షాలకూ దుస్తులే ఆయుధం. అందువల్ల ఆ రోజుల్లో అందరూ హుందాగా ఉండేవారని, ఇప్పుడే దిగజారిపోయారని నిట్టూర్చేవారి మాట చరిత్రకు నిలవదు. ఏది హుందా అన్న విషయంలో ఆనాటివారికే ఏకాభిప్రాయం లేదు.

భారతదేశానికి వచ్చే నౌకల మీద ఈ ఆచారానికి మరో ముఖం ఉంది. పి అండ్ ఓ వంటి సంస్థల లైనర్లు సూయజ్ కాలువ దాటి ఎర్ర సముద్రంలోకి దిగాక ఎండ వేడికి ఉన్ని కోట్లు భరించరానివయ్యేవి. అయినా పాలకవర్గానికి చెందినవారు వేషం మానుకోకుండా సడలించుకున్నారు. కోటు విడిచి, తెల్ల చొక్కాకూ నల్ల ప్యాంటుకూ మధ్య నడుముకు పట్టు బట్ట చుట్టుకునే తీరు అక్కడి వేడిలోంచి వచ్చినదే, దాన్ని ఎర్ర సముద్రపు వేషంగానే పిలిచారు. ఆ నడికట్టు మన దేశపు కమర్‌బంద్. భారతదేశంలోని ఆంగ్ల అధికారులు వెయిస్ట్‌కోటుకు బదులుగా దాన్ని స్వీకరించగా, అది లండన్ విందుల దాకా పాకింది. ఈ దేశపు నడికట్టును తెచ్చి తమ వేషానికి అలంకారం చేసుకున్న ఆ భోజనశాలల్లోనే ఈ దేశపు మనిషి బెరుకుగా నిలబడవలసి రావడం, ఆ ఆచారం మీద పడిన మచ్చ.

ఆ బెరుకుకు అందరికీ తెలిసిన సాక్ష్యం గాంధీ ఆత్మకథలోనే ఉంది. 1888 సెప్టెంబరులో బొంబాయి నుంచి క్లైడ్ నౌకలో ఇంగ్లండు బయలుదేరిన పద్దెనిమిదేళ్ల యువకుడు, కత్తీ ఫోర్కూ వాడడం తెలియక, వడ్డించే పదార్థాల్లో మాంసం లేనిదేదో అడిగే ధైర్యం చాలక, భోజనశాలకే వెళ్లకుండా, వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పండ్లూ గదిలోనే తిని ప్రయాణం గడిపాడు. నౌక మీద నల్ల సూటు ధరించి, మిత్రులు కుట్టించిన తెల్ల ఫ్లానెల్ సూటును దిగే రోజు కోసం దాచుకున్నాడు. తీరా సెప్టెంబరు చివరలో సౌతాంప్టన్‌లో కాలు మోపితే, తెల్ల దుస్తుల్లో ఉన్నది తానొక్కడేనని గమనించి సిగ్గుపడ్డాడు. నలభై మూడేళ్ల తరువాత, 1931 ఆగస్టులో, రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ అదే బొంబాయి నుంచి రాజ్‌పుటానా నౌక ఎక్కినప్పుడు ఆయన ఒంటి మీద ఉన్నవి కొల్లాయి, శాలువ మాత్రమే. ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, దుస్తుల నియమం మనిషిని ఎంతగా కుంగదీయగలదో, దాన్ని లెక్కచేయని మనిషి ఎదుట అది ఎంత నిర్వీర్యమవుతుందో కూడా అర్థమవుతుంది.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టాక లైనర్ల కథ కొద్ది ఏళ్లలో ముగింపుకు వచ్చింది. ఖాళీ అయిన నౌకలకు యజమానులు విహారయాత్రల్లో కొత్త జీవనోపాధి వెతికారు. గమ్యం కోసం కాక నౌక కోసమే నౌక ఎక్కే క్రూజ్ వ్యాపారం అలా విస్తరించింది. 1972లో మయామి కేంద్రంగా మొదలైన కార్నివల్ సంస్థ సరదా నౌకలు అన్న ప్రచారంతో మధ్యతరగతిని పిలిచింది, 1977లో అమెరికన్ టెలివిజన్‌లో ప్రారంభమైన ది లవ్ బోట్ ధారావాహిక తెల్ల యూనిఫాం కెప్టెన్‌నూ గౌన్ల సాయంకాలాన్నీ ఇంటింటికీ చేర్చింది. తరగతుల విభజన చాలా నౌకల్లో తొలగిపోయినా ముస్తాబు రాత్రి మాత్రం తొలగలేదు. వారం ప్రయాణంలో ఒకటి రెండు రాత్రులకు పరిమితమై, కెప్టెన్ ఇచ్చే విందుతో, ఫోటోగ్రాఫర్ల తెరల ముందు కుటుంబ చిత్రాలతో, మామూలు రోజుల్లో వడ్డించని లాబ్‌స్టర్ వంటి వంటకాలతో ఒక కార్యక్రమమైంది. రేవులో తిరిగి అలసి వచ్చినవారిని మళ్లీ ముస్తాబవమనడం భావ్యం కాదు కనుక, ఈ రాత్రులను ఎక్కువగా నౌక ఎక్కడా ఆగకుండా సాగే రోజునే పెడతారు. ఫోటోల అమ్మకం సంస్థకు లాభమన్నది నిజమే గాని, తాతయ్య నుంచి మనవరాలి దాకా ఒకే చట్రంలో చక్కగా నిలబడే సందర్భాన్ని ప్రయాణికులూ ఇష్టంగానే కోరుకున్నారు.

సడలింపు 2000లో గట్టిగా మొదలైంది. ఫలానా వేళకు, ఫలానా బల్ల దగ్గర, ఫలానా దుస్తుల్లో కూర్చోవాలన్న పద్ధతిని పక్కనపెట్టి నార్వీజియన్ క్రూజ్ లైన్ ఫ్రీస్టైల్ విధానాన్ని ప్రవేశపెట్టగా, 2015లో సెలబ్రిటీ సంస్థ ముస్తాబు రాత్రికి ఉన్న ఫార్మల్ నైట్ అన్న పేరునే మార్చి నియమాలను తేలిక చేసింది. అదే ఏడాది సముద్రయానం ప్రారంభించిన వైకింగ్ అసలు అలాంటి రాత్రులే పెట్టుకోలేదు. అమెరికన్ విమాన సంస్థలు 2008 నుంచి మొదటి పెట్టెకు కూడా రుసుము వసూలు చేయడం మొదలుపెట్టాక, రెండు రాత్రుల కోసం సూటూ బూట్లూ మోసుకెళ్లడం నిజంగానే భారమైంది. విశేషమేమంటే, నియమాలు వద్దనుకున్న నౌకలు సైతం ముస్తాబును వదలలేకపోయాయి: 2021లో ప్రయాణాలు ప్రారంభించిన వర్జిన్ వాయేజెస్ ఫార్మల్ దుస్తులు అక్కర్లేదంటూనే, ఒక రాత్రి అందరూ ఎర్రని దుస్తుల్లో రావాలని ఆహ్వానిస్తుంది.

పాత ఆచారాన్ని శ్రద్ధగా నిలుపుకుంటున్నది కునార్డ్. 2004లో సేవలోకి వచ్చిన క్వీన్ మేరీ 2 సౌతాంప్టన్, న్యూయార్క్ నగరాల మధ్య ఏడు రాత్రుల్లో అట్లాంటిక్ దాటుతుంది. అందులో సాధారణంగా రెండు గాలా రాత్రులు ఉంటాయి, ఒకటి నలుపు తెలుపు రంగులకు, మరొకటి ముసుగుల వేడుకకు కేటాయిస్తారు. ఆ సాయంకాలాల్లో పురుషులు డిన్నర్ జాకెట్ లేదా ముదురు రంగు సూటు, టై ధరించాలి. స్త్రీలు పొడవాటి గౌను లేదా అందుకు తగిన దుస్తులు వేసుకోవాలి. అగ్నిప్రమాద భయంతో గదుల్లో ఇస్త్రీపెట్టె వాడనివ్వరు కనుక, గాలా రోజు మధ్యాహ్నం ప్రయాణికులు తామే బట్టలు ఉతుక్కునే చిన్న గదుల్లో ఇస్త్రీ బల్లల దగ్గర వరుస కడతారు. కొన్ని గంటల తరువాత మెరిసిపోతూ నాట్యశాలలో ఎదురుపడబోయే అపరిచితులు చేతిలో నలిగిన చొక్కా పట్టుకుని కబుర్లు చెప్పుకోవడం అక్కడే మొదలవుతుంది. ముస్తాబు వద్దనుకునేవారు బఫేలో భోంచేయవచ్చు, పబ్బులో కూర్చోవచ్చు; వారి కోసం ఆ స్థలాలను ముందే ప్రకటిస్తారు. నియమం న్యాయంగా ఉండాలంటే ఈ రెండూ అవసరం: ఏం కావాలో టికెట్టు కొనేముందే స్పష్టంగా చెప్పడం, ఒప్పుకోనివారికి అదే మర్యాదతో, అంతే మంచి భోజనంతో మరో చోటు చూపడం. చెప్పిన నియమాన్ని తలుపు దగ్గర ఒకరికి పాటించి మరొకరికి వదిలేసే నౌకలు రెండు పక్షాలకూ అన్యాయం చేస్తాయి. తెలుగువారి పెళ్లికి పట్టుచీరే కట్టుకురావాలని శుభలేఖలో ఎవరూ అచ్చు వేయరు, అయినా మండపమంతా పట్టుచీరలే కనిపిస్తాయి. నౌక మీది ముస్తాబు కూడా ఆ స్థాయికి చేరినప్పుడే నిలకడగా ఉంటుంది.

ఈ చర్చ తెలుగువారికి ఇప్పుడు దూరపు వార్త కాదు. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అలాస్కా, కరీబియన్ యాత్రలు చేసివస్తున్నారు; 2022లో కార్డీలియా నౌక చెన్నై నుంచి విశాఖపట్నం వచ్చింది, 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మొదటిసారి నౌక ఎక్కే కుటుంబాలు ఫార్మల్ అన్న మాట చూసి కంగారుపడి, మళ్లీ వేసుకోని సూట్లకూ గౌన్లకూ వేలకు వేలు పోయవలసిన పని లేదు. కునార్డ్ వంటి పట్టింపు గల సంస్థ సైతం గాలా రాత్రుల్లో జాతీయ వేషధారణను ఆహ్వానిస్తుంది. కంచిపట్టు, గద్వాల, పోచంపల్లి చీరలు ఏ గౌనుకూ తీసిపోవు, పురుషులకు బంద్‌గలా కోటు నిండుగా సరిపోతుంది. బయలుదేరేముందు ఆ నౌక నియమాలను ఒకసారి చదివి, ముస్తాబు రాత్రులు ఎన్నో చూసుకుని, అన్నింటికీ కలిపి ఒక మంచి చీర, ఒక బంద్‌గలా పెట్టెలో పెట్టుకుంటే చాలు.