గుట్ట మీది రిపీటర్‌కు జవాబుదారు ఎవరు?

హామ్ రేడియో, అంటే ఔత్సాహికుల రేడియో, రిపీటర్ మనిషి కాపలా లేకుండా పనిచేసే స్టేషన్. గుట్ట మీదో, ఎత్తైన మేడ మీదో ఉంటుంది. 5 వాట్ల చేతి సెట్టులో మాట్లాడితే ఇళ్లూ చెట్లూ అడ్డుపడి ఆ మాట కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. రిపీటర్ దాన్ని ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో ఇంకా బలంగా వినిపిస్తుంది. 2 మీటర్ల బ్యాండ్‌లో ఈ రెండింటికీ తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. వినడం, పలకడం రెండూ ఒకే యాంటెన్నాతో సాగాలంటే మధ్యలో డ్యూప్లెక్సర్ ఉండాలి. గొట్టాల్లా నిలబెట్టిన ఆ లోహపు డబ్బాలే, ట్రాన్స్‌మిటర్ హోరులో పక్కనున్న రిసీవర్ చెవులు మూసుకుపోకుండా కాపాడతాయి.

చట్టానికి చిక్కంతా వేరేచోట ఉంది. మామూలు స్టేషన్‌లో మైకు పట్టుకున్నవాళ్లే జవాబుదారులు. రిపీటర్‌లో గొంతు ఒకరిది, యంత్రం మరొకరిది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ హామ్ సేవకు హద్దులు గీసి, నేల మీది రిపీటర్ల సంగతి దేశాలకే వదిలేసింది.

అమెరికా 1972లో రిపీటర్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. విడిగా లైసెన్సు, డబ్ల్యూఆర్‌తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) ఉండాలంది. తర్వాత ఆ పద్ధతి ఎత్తేసింది. ఇప్పుడు టెక్నీషియన్, ఆపై స్థాయి లైసెన్సు ఉన్న ఏ హామ్ అయినా రిపీటర్ పెట్టుకోవచ్చు. ఎవరైనా నిబంధన మీరి మాట్లాడితే, దాన్ని తెలియక తిరిగి ప్రసారం చేసిన రిపీటర్ నిర్వాహకుడిది తప్పు కాదు, మాట్లాడినవాళ్లదే. ఈ ఒక్క నిబంధన లేకపోతే సొంత డబ్బుతో రిపీటర్ పెట్టి ఊరందరికీ తెరిచి ఉంచే ధైర్యం ఎవరూ చేయరు. ఫ్రీక్వెన్సీల పంపకం హామ్‌ల సమన్వయ సంఘాలు చూస్తాయి. వాటి సిఫార్సు తీసుకోవడం తప్పనిసరి కాదు. కానీ రెండు రిపీటర్లు ఒకదానికొకటి అడ్డొస్తే, సిఫార్సు లేనిదాని యజమానే ముందు సర్దుకోవాలి. ప్రభుత్వం పెత్తనం చేయకుండానే క్రమశిక్షణ తెచ్చిన తెలివైన ఏర్పాటిది.

బ్రిటన్‌లో పెద్ద రిపీటర్‌కు ముందే అనుమతి కావాలి. దరఖాస్తును హామ్‌ల జాతీయ సంఘం ఆర్‌ఎస్‌జీబీ పరిశీలిస్తుంది, అధికారం మాత్రం ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌ది. తక్కువ శక్తివాటికి 2024లో ఈ షరతు సడలించారు. జర్మనీలో రిపీటర్‌కు సొంత కాల్‌సైన్ ఇస్తారు. డీబీ0 అని వినిపిస్తే అది మనిషి కాదని జర్మన్ హామ్‌కు ఇట్టే తెలిసిపోతుంది. జపాన్‌ది మరో దారి. అక్కడ రిపీటర్ల లైసెన్సు జాతీయ సంఘం జార్ల్ పేరిట ఉంటుంది, నడిపేది స్థానిక బృందాలు. 144 మెగాహెర్ట్జ్‌లో రిపీటర్లే ఉండవు, ఎక్కువగా 430, ఆపై బ్యాండ్లలో ఉంటాయి.

భారత్‌లో హామ్ సేవకు ఆధారం 1978 నాటి నిబంధనలు. లైసెన్సులిచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. ఇక్కడ 2 మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే. అమెరికాలో అది 148 దాకా ఉంది. ఆ ఇరుకులోనే రిపీటర్లూ సర్దుకోవాలి.

ఆకాశంలోని రిపీటర్ల, అంటే హామ్ ఉపగ్రహాల, విషయంలో మాత్రం అంతర్జాతీయ నియమం గట్టిగానే ఉంది. హానికర అంతరాయం వస్తే వెంటనే నోరు మూయించగల భూకేంద్రాలు ప్రయోగానికి ముందే సిద్ధంగా ఉండాలి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన భారత ఉపగ్రహం హామ్‌శాట్‌కూ ఇదే నియమం. 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో విన్నదాన్ని 145 ప్రాంతంలో వినిపిస్తూ, అది 2014 దాకా ప్రపంచంలోని హామ్‌లను కలిపింది.